పైన చందమామ, కింద పిట్ట

"ఆ స్టూలు మీద కూర్చోకండి!"

అప్పటికే సగం కూర్చున్న అతను సగంలోనే ఆగిపోయాడు. కూర్చోవడానికీ లేవడానికీ మధ్య మనిషి ఎంతసేపు ఉండగలడో అతనికి ఆ రోజే తెలిసింది.

"విరిగిందా?" అన్నాడు.

"లేదు."

"రంగు తడారలేదా?"

"అదేం లేదు. కూర్చోకండి, అంతే."

అతను నిటారుగా నిలబడ్డాడు. బయట వాన దంచి కొడుతోంది. తల నుంచి కాలి వరకు తడిసి ముద్దయ్యాడు కానీ, చంకలో ఉన్న పొడవాటి గొట్టం మీద మాత్రం చుక్క పడలేదు. గొట్టాన్ని చొక్కా లోపల దాచుకుని, తను వానలో తడుస్తూ వచ్చినట్టున్నాడు.

చెప్పుల షాపుకీ కళ్లజోళ్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది అది. ఒక బల్ల, దాని మీద వంగి చూసే దీపం, బల్లకి ఇటొక స్టూలు, అటొక స్టూలు. ఇటు స్టూలు మీద ఆమె కూర్చుని, కంటికి చిన్న అద్దం తగిలించుకుని, ఒక వాచీ పొట్టలోకి చూస్తోంది. గోడల నిండా గడియారాలు. ఏ రెండింటికీ పొత్తు లేదు.

"ఇన్ని గడియారాలున్నాయి, ఒక్కటీ సరైన టైము చూపించట్లేదేమండీ?"

"బాగైనవి ఇంటికెళ్లిపోతాయి. ఇక్కడుండేవి రోగులే."

"అయితే మీరు డాక్టరన్నమాట."

"మీ రోగిని చూపించండి."

"రోగి ఇంకా దొరకలేదండి. దాని కోసమే వచ్చాను."

ఆమె మొదటిసారి తలెత్తింది. ఒక కన్ను మామూలుగా, రెండో కన్ను అద్దంలోంచి గుమ్మడికాయంత కనిపించింది. అతనికి నవ్వొచ్చింది. నవ్వితే మళ్లీ వానలోకి పంపుతుందేమోనని దాన్ని మింగేశాడు. గొట్టం మూత తీసి, కాగితం బయటికి లాగి, బల్ల మీద పరిచాడు. కాగితం బల్ల అంచులు దాటి కిందికి వేలాడింది.

"ఏంటిది? ఇల్లు కడుతున్నారా?"

"వాచీ అండి."

"ఎవరికి, ఏనుగుకా?"

"నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. చిన్నగా గీయడం చేతకాదు," అన్నాడతను సిగ్గుపడుతూ.

బొమ్మ మాత్రం అందంగా ఉంది. నేరేడుపండు రంగు డయలు. అంకెలు లేవు, సన్నటి గీతలే. డయల్లో పైన చిన్న కిటికీ, అందులో చందమామ. పున్నమికి నిండుగా వచ్చి, అమావాస్యకి దాక్కునే రకం. కింద కంపెనీ గుర్తుగా, రెక్కలు ముడిచి కిందికి దూకుతున్న పిట్ట. కీ తిప్పే బుడిపె ఎడమ పక్కన ఉంది.

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. "కీ ఎడమ పక్కనా?"

"అవునండి."

"నిజంగా?"

"మా అమ్మ చెబుతుంటే గీశాను. మా అమ్మ జ్ఞాపకానికి తిరుగులేదు. మూడో క్లాసులో నేను పోగొట్టుకున్న రబ్బరు రంగు ఇప్పటికీ చెబుతుంది."

ఆమె కళ్లు మెరిశాయి. "ఎడమ పక్క కీ ఉందంటే ఎడమచేతి వాటం వాళ్ల కోసం చేసిన వాచీ. ఎంతో అరుదు. ఇంతవరకు నేను ముట్టుకుని చూడలేదు."

అప్పుడు గమనించాడతను. ఆమె పట్టకారు పట్టుకున్నది ఎడమ చేత్తో. కానీ అతను గుమ్మంలోకి వచ్చేసరికి ఎవరికో రసీదు రాసిస్తున్నది మాత్రం కుడి చేత్తోనే.

"రాయడం ఆ చేత్తో, రిపేరు ఈ చేత్తోనా?"

"ఏం, స్క్రూలేమైనా మీకు కంప్లయింట్ ఇచ్చాయా?"

"లేదండి. ఊరికే అడిగాను."

"రాయడం బడిలో నేర్చుకున్నాను. ఇది ఇక్కడ నేర్చుకున్నాను," అంది. అంతకుమించి చెప్పలేదు. "ఎవరిదీ వాచీ?"

అతను నిలబడే చెప్పాడు.

"మా నాన్న లైబ్రేరియన్. ఆయన చేతికి వాచీ ఉండగా నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం లైబ్రరీ మూసే ముందు చదువుకునేవాళ్ల దగ్గరికెళ్లి, 'బాబూ, టైమెంతయింది?' అంటారు. వాళ్లు చెబుతారు. 'అయితే లేవండి మరి' అంటారు."

"పాపం, వాళ్ల నోటితోనే చెప్పించి వాళ్లనే పంపించేస్తారా!" ఆమె నవ్వింది. నవ్వుతుండగా కంటి అద్దం జారి ఒళ్లో పడింది.

"నేను పుట్టకముందు ఆయనకి ఈ వాచీ ఉండేదట. మా మేనమామ ఓడ మీద పనిచేసేవాడు. ఎక్కడో ఏదో రేవులో కొని, బావగారికని తెచ్చాడు. చాలా ఖరీదైనది. ఒకరోజు అమ్మా నాన్నా లాంచీలో ఏరు దాటుతున్నారు. గాలీ వానా. అమ్మ గొడుగు ఎగిరిపోబోతే నాన్న వంగి పట్టుకున్నారు. గొడుగు చేతికొచ్చింది. వాచీ పట్టీ తెగి ఏట్లో పడింది."

"అయ్యో. ఏమన్నారు?"

"'గొడుగు దక్కిందిగా, పద' అన్నారట. అంతే. ఇన్నేళ్లలో ఆ ఊసెత్తలేదు, ఇంకో వాచీ పెట్టుకోలేదు. అప్పుడే ఒక మాట అనేసి ఉంటే అమ్మ ఎప్పుడో మర్చిపోయేది."

ఆమె బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది.

"వచ్చే నెలాఖరుకి నాన్న రిటైరవుతున్నారు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే అచ్చం అలాంటి వాచీయే ఆయన చేతికి పెట్టాలని అమ్మ కోరిక. దానికోసం ఎప్పట్నుంచో దాచుకుంటోంది. నాన్నకి మాత్రం తెలియకూడదు."

"ఫోటో ఉంటే బాగుండేది."

"ఉన్నాయి. అన్నింట్లోనూ ఆయన చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నారు."

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి గొట్టంలో పెట్టింది. "ఆదివారం రండి. పాత వాచీల వాళ్లు నాకు కొందరు తెలుసు. వెతుకుదాం." అతను గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "ప్లాను గారూ! గొట్టానికి గొడుగు పట్టారు సరే, మీకూ ఒకటి కొనుక్కోండి."

*

ఆదివారాలు వచ్చాయి, వెళ్లాయి. వాచీ రాలేదు.

పాత సామాన్ల అంగళ్లు తిరిగారు. వేలంపాటల వాళ్లని అడిగారు. మెట్లు లేని చోట నిచ్చెనెక్కి అటకల మీద ఉన్న పెట్టెలు దింపించారు. ఒకాయన చందమామ ఉన్న వాచీ తెచ్చాడు కానీ పిట్ట లేదు. ఇంకొకాయన పిట్ట ఉందంటూ తెచ్చాడు, తీరా చూస్తే అది కోడి.

"కోడి కూడా పిట్టేనమ్మా," అన్నాడాయన.

"ఎగరాలండీ," అందామె.

"తరిమితే ఎగురుతుంది," అన్నాడు ప్లాను గారు. ఆమె నవ్వాపుకోలేక రోడ్డు మీదికొచ్చేసింది.

ఆమె అతన్ని ప్లాను గారూ అని పిలిచేది. అతను ఆమెను డాక్టరు గారూ అనేవాడు. ఆదివారాలు చాలక, బుధవారాలు కూడా ఏదో ఒక వంకతో షాపుకి వచ్చేవాడు. వచ్చి నిలబడేవాడు. ఒక బుధవారం అతని కాళ్ల అవస్థ చూసి ఆమే చెప్పింది.

"అది నాన్న స్టూలు. ఆయన అక్కడ, నేనిక్కడ. చిన్నప్పటి నుంచి ఎదురుగా కూర్చునే ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పోయినేడు వెళ్లిపోయారు."

ఆ మాట చాలా మామూలుగా అంది. అంత మామూలుగా అనడానికి, ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు అని చూసుకుందో!

అతను ఓదార్పు మాటలు వెతకలేదు. "నిలబడటం నాకు అలవాటేనండి. ఆఫీసులో బల్ల దగ్గర నిలబడే గీస్తాను," అన్నాడు. కాసేపాగి, "అబద్ధం. అక్కడ కుర్చీ ఉంది," అన్నాడు.

ఆమె తల వంచుకుని పనిలో పడింది. పెదవుల చివర మాత్రం నవ్వు ఉంది.

ఇక మిగిలింది పెద్దాయన. పాత గడియారాలు పోగుచేయడంలోనే జుట్టు నెరిసిపోయిన మనిషి. మేడ మీద ఆయన గదిలోకి అడుగుపెడితే, తేనెపట్టులోకి వెళ్లినట్టు అన్ని వైపుల నుంచీ సన్నటి చప్పుడు. బొమ్మ చూసి ఆయన గడ్డం గోక్కున్నాడు. లోపలికెళ్లి ఒక పెట్టె తెచ్చి మూత తీశాడు.

నేరేడుపండు రంగు డయలు. అంకెలు లేవు.

ఇద్దరి ఊపిరీ ఆగింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. కీ కుడి పక్కన ఉంది. చందమామ కింద ఉంది. పిట్ట పైన ఉంది, అదీ పైకి ఎగురుతోంది.

"ఇది కాదు తాతగారూ," అందామె.

"సరిగ్గా చూడు పిల్లా. ఈ కంపెనీ మూతపడి ఎన్నో ఏళ్లయింది. వాళ్లు చేసినవే కొన్ని. ఈ రంగు ఇంకెవరూ వెయ్యలేదు."

"రంగు ఒక్కటే కలిసిందండి. మిగతావన్నీ తేడాయే," అన్నాడతను. మిల్లీమీటరు తేడా వస్తే గోడ పడగొట్టించే రకం మనిషి. "మాకు కావాల్సింది ఎడమచేతి వాటం వాళ్లది."

"అలాంటిది వాళ్లు చెయ్యలేదు నాయనా. పిట్ట కిందికి దూకే గుర్తు అసలు ఏ కంపెనీకీ లేదు. ఏ కంపెనీ అయినా కింద పడుతున్న పిట్టని పెట్టుకుంటుందా?" అంటూ పెద్దాయన పెట్టె మూశాడు.

మేడ మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె మాట్లాడలేదు. అతను మాత్రం ఈల వేస్తున్నాడు. ఆ ఈలే కొంప ముంచింది.

"మీకేం బాధగా లేదా?"

"ఉందండి."

"ఈల వేస్తున్నారు!"

"బాధగానే వేస్తున్నాను."

ఆమె ఆగింది. "నిజం చెప్పండి. ఈ వాచీ అసలు ఉందా?"

"అంటే?"

"పెద్దాయన లేదన్నారు. ఆ వేలంపాట ఆయనా లేదన్నారు. లోకంలో ఎవరూ చూడని వాచీ మీ కాగితం మీదే ఎలా ఉంది? గీయడం మీకు వచ్చు. ఆదివారాలు మీకు ఖాళీ. ఊరికే తిప్పుతున్నారా నన్ను?"

కాదు అని గట్టిగా అనాల్సింది. కానీ అతని ముఖం ఎర్రబడింది. దొరకనందుకు లోలోపల అతను సంతోషించిన మాట నిజం. దొరికితే ఆదివారాలు ఉండవు. ఆ చిన్న దొంగతనం పట్టుబడేసరికి, పెద్ద నేరం తనది కాదని చెప్పడానికి నోరు పెగల్లేదు.

"డాక్టరు గారూ, ఒక్కోసారి దొరకకపోతే బాగుండుననుకున్నాను, నిజమే. కానీ..."

"చాలండి." ఆమె గొంతు తగ్గింది. "నాన్న పోయాక మొదటిసారి ఒక పని మీద మనసు పెట్టాను. ఆటకైతే ఇంకెవరినైనా చూసుకోవాల్సింది."

ఆమె చకచకా నడిచి వెళ్లిపోయింది. వాన మొదలైంది. ఆమె సలహా విని కొనుక్కున్న కొత్త గొడుగు చేతిలోనే ఉంది. తెరవడం మర్చిపోయాడు.

*

బుధవారం షాపు ముందు ఆటో ఆగింది. ముందు అతను దిగాడు, తర్వాత గొట్టం దిగింది, ఆ తర్వాత వాళ్లమ్మ.

"నువ్వేనామ్మా వాచీ డాక్టరువి? మావాడు నీ గురించి చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదే!" అందావిడ గుమ్మంలోనే. "ఇంట్లో రెండ్రోజులుగా అన్నం ముందు కూర్చుని గోడలు చూస్తున్నాడు. గోడలకి కొలతలేమైనా తప్పాయేమో అనుకున్నా. అడిగితే, 'అమ్మా, నువ్వు సాక్ష్యం చెప్పాలి' అన్నాడు. వచ్చాను. ఏం నేరం చేశాడు?"

ఆమె గబగబా లేచింది. "అయ్యో, అలాంటిదేం లేదండీ..."

"మీ షాపు మెట్లొకటి, మోకాళ్లు పట్టేశాయి," అంటూ ఆవిడ బల్లకి అవతలి స్టూలు లాక్కుంది.

"అమ్మా! దాని మీద కూర్చోకు!" అతను కేక పెట్టాడు.

ఆవిడ సగంలో ఆగిపోయింది. కొడుకు మొదటి రోజు ఆగిపోయిన చోటే.

వాచీ డాక్టరు ఆ స్టూలు వైపు చూసింది. ఆవిడ మోకాళ్ల వైపు చూసింది. "ఫర్వాలేదు. కూర్చోండమ్మా," అంది.

ఆవిడ కూర్చుంది. స్టూలు కిర్రుమంది. ఏడాది తర్వాత ఆ చప్పుడు వినడం. ఆమె ఒక క్షణం కళ్లు మూసుకుని తెరిచింది.

"మీ వాచీ నిజంగా ఉందని ఆయన చెబుతున్నారు. నేనే తొందరపడి ఏదో అన్నాను. ఒకసారి మీరు చూసి, ఇదేనా కాదా చెప్పండి," అంటూ బొమ్మ తనవైపు పరిచింది.

ఆవిడ అవతలి నుంచి వంగి చూసింది. ముఖం చిట్లించింది.

"ఒరేయ్, ఇదేంట్రా ఇలా గీశావు? చందమామ కిందికెళ్లిపోయాడేం? కీ అటు పక్కకెళ్లిందేం? అంతా తప్పు!"

"అమ్మా, నువ్వు అటు నుంచి చూస్తున్నావు. తలకిందులుగా కనిపిస్తుంది."

"ఓ, అంతేనా? నా బుద్ధి మండ!" ఆవిడ నవ్వేసింది.

అతనూ నవ్వాడు. వాచీ డాక్టరు నవ్వలేదు. తన ఎడమ చేతి వైపు చూసుకుంటోంది. పట్టకారు ఇంకా అందులోనే ఉంది.

"అమ్మా," అంది నెమ్మదిగా, "మీవారు వాచీ ఏ చేతికి పెట్టుకునేవారు?"

"ఎడమ చేతికే. అందరిలాగే."

"మీరు దాన్ని ఎప్పుడు చూసేవారు?"

"ఎప్పుడేంటమ్మా? భోజనాల దగ్గర. ఆయన తింటూ పుస్తకం చదువుతారు. ఎడమ చెయ్యి పుస్తకం మీద ఉంటుంది. మాట్లాడే మనిషి కాదుగా, నేనింకేం చెయ్యను? వాచీ చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కో గీత ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది."

"ఎక్కడ కూర్చుని?"

"ఆయనకి ఎదురుగా."

వాచీ డాక్టరు పట్టకారు కింద పెట్టింది. రెండు చేతులతో కాగితం అంచులు పట్టుకుని, బల్ల మీదే మెల్లగా గుండ్రంగా తిప్పింది. ఎడమ పక్క కీ కుడి పక్కకి వచ్చింది. పైనున్న చందమామ కిందికి దిగాడు. కిందికి దూకుతున్న పిట్ట రెక్కలు ముడుచుకునే పైకి లేచింది.

అతను కాగితం మీదికి వంగాడు.

"నేను వాచీనే చూశాను," అందామె. "మీరు ఎటు నుంచి చూశారో అడగాల్సింది. నాకే తెలియాలి ఇది. నాన్న కుడిచేతి వాటం. ఆయన కుడి చెయ్యి నాకు ఎడమ వైపు కనిపించేది. ఆయన ఏ పక్క చేత్తో పడితే నేనూ ఆ పక్క చేత్తోనే పట్టాను. ఎడమ చేత్తో ఎందుకు పని చేస్తానని అందరూ అడుగుతారు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను కదా, అందుకు!"

"అంటే..." అతను తలెత్తాడు. "పెద్దాయన పెట్టెలో..."

"మీరు మిల్లీమీటర్లతో సహా కాదన్నారు కదా, అదే!"

"మీరూ కాదన్నారండోయ్!"

"నేను ముందన్నాను. మీరు గట్టిగా అన్నారు."

"పోట్లాట తర్వాత పెట్టుకోండర్రా," అంది ఆవిడ. "ముందు ఆ పెద్దాయన ఇంకెవరికీ ఇచ్చెయ్యకుండా పరిగెత్తండి. షాపు నేను చూసుకుంటా. ఎవరైనా వస్తే ఏం చెప్పాలి?"

"ఆ స్టూలు మీద కూర్చోవద్దని చెప్పండి," అన్నాడతను.

*

ఇద్దరూ వానలో ఒకే గొడుగు కింద పరిగెత్తారు. ఆమె భుజం ఒకటీ, అతని భుజం ఒకటీ తడిశాయి.

పెద్దాయన తలుపు తీసి, కథంతా విని, గోడ పట్టుకుని మరీ నవ్వాడు. "అయితే ఆవిడ ఇన్నేళ్లూ మొగుడికి ఎదురుగా కూర్చునే ఉందన్నమాట! ఇస్తానర్రా, తప్పకుండా ఇస్తాను. కానీ ఒక చిక్కుంది."

పెట్టె తీసి వాచీని ఆమె చేతిలో పెట్టాడు. ముళ్లు కదలడం లేదు. చందమామ సగం కిటికీలో ఇరుక్కుని ఉన్నాడు.

"మీ నాన్న బాగుచేస్తానన్నాడు. ఇంతలో... సర్లే. నడవని వాచీ ఇవ్వడం నాకిష్టం లేదు. నడిపించు, తీసుకెళ్లు."

దారంతా ఆమె పిడికిలి విప్పలేదు. షాపు దగ్గరికొచ్చాక, "ఇంత సున్నితమైన పని నేను ఒక్కదాన్నే ఎప్పుడూ చెయ్యలేదు. చందమామ చక్రం పళ్లు చీమ కాళ్లంత ఉంటాయి. తప్పితే మళ్లీ దొరకవు," అంది.

"మీరు చేస్తారు."

"ఎదురుగా ఎవరూ లేకుండా నా చెయ్యి కుదరదు." కాసేపు గుమ్మం వైపు చూసింది. "మీరు రేపు సెలవు పెడతారా?"

మర్నాడు అతను వచ్చేసరికి అవతలి స్టూలు శుభ్రంగా తుడిచి ఉంది. అతను అలవాటుగా నిలబడ్డాడు.

"కూర్చోండి," అంది.

కూర్చున్నాడు, గుళ్లో దేవుడి ముందు కూర్చున్నంత ఒద్దికగా.

"దీపం కొంచెం ఇటు వంచండి. చెయ్యి వణకకూడదు. మాట్లాడకూడదు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"కొంచెం."

ఆమె వెనక మూత తీసింది. ఒక్కొక్క భాగమే తీసి గుడ్డ మీద వరసగా పెట్టింది. ఎండిపోయిన నూనె తుడిచింది. ఒక్కోసారి ఆగి తలెత్తేది. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న చోట ఒక ముఖం ఉండేది, తనకన్నా ఎక్కువగా భయపడుతూ. ఆ భయం చూసి ఆమెకి ధైర్యం వచ్చేది. మళ్లీ వంగేది.

మధ్యాహ్నం దాటింది. అతని ముక్కు మీద దురద పుట్టింది. గోక్కోలేదు. ప్రేమంటే ఏమిటని ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే, ముక్కు గోక్కోకుండా దీపం పట్టుకోవడమని చెప్పి ఉండేవాడు.

ఆమె కీ తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత బల్ల మీదుగా చెయ్యి చాచి, అతని చెవి దగ్గర పెట్టింది.

"వినిపిస్తోందా?"

"ఆఁ," అన్నాడు. అతనికి వినిపిస్తున్నది వాచీయో, ఇంకేదో తెలియలేదు.

ఆమె మళ్లీ బుడిపె తిప్పుతుంటే చందమామ కిటికీలో మెల్లగా కదిలాడు. ఆమె ఎదుటి స్టూలు వైపు చూసి, నెమ్మదిగా, "అయిపోయింది," అంది. ఎవరితో అందో అతను అడగలేదు.

*

పెద్దాయన వాచీ చప్పుడు ఒకసారి విని, తల ఊపి, ప్లాను గారి అమ్మ దాచిన డబ్బు తీసుకుని, పెట్టెతో సహా ఇచ్చేశాడు. నెలాఖరు సాయంత్రం అమ్మ వాచీ డాక్టరుని ఇంటికి పిలిచింది. "బాగుచేసినదానివి నువ్వు. ఆయన ముఖం చూడకుండా ఎలా?" అంది.

లైబ్రేరియన్ గారు చివరి రోజు పని ముగించుకుని వచ్చారు. చంకలో రెండు పుస్తకాలు, చేతిలో ఆయన బల్ల మీది పెన్నుల స్టాండు. చెప్పులు విడుస్తూ, రోజూ అడిగే మాటే అడిగారు.

"టైమెంతయింది?"

జవాబుగా అమ్మ ముందుకొచ్చింది. వాచీ ఆయన చేతికి చుట్టి పట్టీ బిగించింది.

"ఇకనుంచి మీరే చూసుకోండి," అంది.

ఆయన చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. నేరేడుపండు రంగు మీద సన్నటి ముల్లు తిరుగుతోంది.

"ఏట్లో దొరికిందా?" అన్నారు చివరికి.

"ఆఁ, దూకి తెచ్చాను! ఇది దాని తోడబుట్టినది. దీనికోసం పిల్లలు ఊరంతా జల్లెడ పట్టారు." అమ్మ నవ్వబోయి ఆగింది. "ఆ రోజు గొడుగు పోయినా బాగుండేదండీ. ఇన్నేళ్లూ మీ ఖాళీ చెయ్యి చూస్తూ..."

"నాకు వాచీ లేదని నువ్వు బాధపడ్డావా?"

"మీరు పడలేదా? మరి ఇంకొకటి ఎందుకు పెట్టుకోలేదు?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "ఇంటికొచ్చి నిన్ను టైమడగడం బాగుండేది. నువ్వు పని ఆపుకుని, ఇలా తిరిగి చూసి చెప్పేదానివి."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ బల్ల దగ్గరికెళ్లి, తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. "ఏదీ, ఇలా రండి. చెయ్యి బల్ల మీద పెట్టండి." ఎదురుగా కూర్చున్న ఆయన చేతి వైపు వంగి చూసింది. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది. చందమామ పైనే ఉన్నాడు."

"కింద కదటే?"

"మీకు కింద. నాకు పైన."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, ఒకేసారి నవ్వారు.

బయట మళ్లీ వాన. వాచీ డాక్టరు బయలుదేరబోతుంటే, అమ్మ లోపలి గదిలోంచి ఒక పాత గొడుగు తెచ్చింది. పిడి అరిగి నున్నగా ఉంది. ఒక కమ్మి వంగి ఉంది.

"ఇదే ఆ గొడుగు. దీని ఖరీదెంతో నీకు తెలుసు కదా. తీసుకెళ్లు."

"అమ్మో, వద్దండీ! ఇంత..."

"ఊరికే ఇవ్వట్లేదులే. తిరిగి తెచ్చి ఇవ్వాలి. నువ్వే రావాలి. తొందరేం లేదు, కానీ రాకుండా మాత్రం కుదరదు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నిలబడి చూస్తావేం? సందు చివరిదాకా దింపిరా."

లోపల్నుంచి లైబ్రేరియన్ గారి గొంతు వినిపించింది. "తొందరేం లేదురా, నాకిప్పుడు వాచీ ఉంది. ఎంతసేపటికి వచ్చావో చూస్తానులే."

సందులో నీళ్లు పారుతున్నాయి. వంగిన కమ్మి ఉన్న వైపు అతను నడిచాడు. అటు నుంచి కారే నీళ్లన్నీ అతని మెడలోకే.

"వాచీ దొరికిపోయింది," అంది ఆమె.

"దొరికిపోయింది."

"ఇక బుధవారాలు ఏ వంకతో వస్తారు?"

"ఆలోచిస్తున్నానండి. ఇంట్లో గోడ గడియారం ఉంది. పగలగొడదామనుకుంటున్నా."

"పాపం, దాన్నెందుకు? వంక లేకుండా రాకూడదా?"

అతను ఆగిపోయాడు. గొడుగు ఆమెతో పాటు ముందుకెళ్లింది. వాన మొత్తం అతని మీద పడింది. అయినా కదల్లేదు.

"వంక లేకుండా రోజూ వస్తాను. ఎన్నాళ్లయినా వస్తాను. మీ ఎదురుగా ఉండిపోవాలని ఉంది. చందమామ పైనున్నా, కిందున్నా." ఒక్క గుక్కలో అనేసి, గొంతు సవరించుకున్నాడు. "కానీ వస్తే, ఎక్కడ కూర్చోమంటారు?"

ఆమె వెనక్కి వచ్చింది. గొడుగు ఎత్తి అతని తల మీదికి చేర్చింది. పట్టింది ఎడమ చేత్తోనే.

"నీకు తెలీదా?" అంది.